సూదిపోటు దాచుకోవలసిన తప్పు కాదు

ఆసుపత్రికి వెళ్లిన వారిలో చాలామందికి సూది అంటే బెరుకు. సూది గుచ్చేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంటాము, పళ్లు బిగబడతాము. పని ముగిసి, దూదితో ఆ చోటును అదుముకోగానే మన భయం తీరిపోతుంది. కాని మన రక్తం అంటుకున్న ఆ సూది ఇంకా నర్సు చేతిలోనే ఉంటుంది. దానిని భద్రంగా పారవేసే వరకు ప్రమాదం ఆమెది.

ఆ కొద్ది క్షణాలలో ఆ సూది ఆమె చేతికి గుచ్చుకుంటే దానిని సూదిపోటు అంటాము. చూడడానికి అది గాయమే కాదు. చీమ కుట్టినంత నొప్పి, ఆవగింజంత రక్తపు బొట్టు. చేయి కడుక్కుని, చేతి తొడుగు మార్చుకుని, ఆమె తరువాతి రోగి దగ్గరకు వెళ్లిపోతుంది. ఎవరికీ చెప్పదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ చివరి మాట గురించే. సూదిపోటు ప్రమాదమే. దానిని దాచుకోవలసి రావడం అంతకంటె పెద్ద ప్రమాదం. నర్సులు దాచుకుంటున్నారంటే లోపం వారి స్వభావంలో లేదు. చెప్పినప్పుడు వారికి ఎదురయ్యే స్పందనలో ఉంది.

ఎప్పుడు, ఎవరికి గుచ్చుకుంటుంది?

సూదిపోట్లు ఇంజక్షను చేసేటప్పుడే జరుగుతాయని సామాన్యంగా అనుకుంటారు. నిజానికి వాటిలో చాలా భాగం పని అయిపోయిన తరువాతనే జరుగుతాయి. వాడిన సూదికి తిరిగి మూత పెట్టబోతే మూత తప్పి రెండవ చేతి వేలికి గుచ్చుకోవడం ఒక విధం. సిరంజిలోని రక్తాన్ని పరీక్ష గొట్టంలోకి ఎక్కించేటప్పుడు జారడం ఒక విధం. సెలైను ఎక్కించడానికి క్యాన్యులా పెడుతుండగా రోగి ఒక్కసారిగా చేయి లాక్కోవడం మరొక విధం. నిండిపోయిన సూదుల డబ్బాలోకి మరొక సూదిని నెట్టబోతే లోపలిది పైకి పొడుచుకు వస్తుంది. శస్త్రచికిత్స జరిగే గదిలో కుట్లు వేసే సూదులు, స్కాల్పెల్ బ్లేడులు ఒకరి చేతి నుండి మరొకరి చేతికి మారుతుంటాయి. మందుల వార్డులో పగిలిన గాజు ఆంప్యూళ్లు, చక్కెర పరీక్షకు వాడే లాన్సెట్లు ఉండనే ఉంటాయి.

వీటన్నింటిలో ఒక విషయం గమనించండి. చాలా సందర్భాలలో సూదిని వాడిన చేయి ఒకటి, అది గుచ్చుకున్న చేయి మరొకటి. నడుము నుండి నీరు తీసిన వైద్యుడు సూదిని ట్రేలో వదలి వెళ్తాడు. ఆ ట్రే సర్దేది నర్సు. ఎవరో పరుపు మీద మరచిపోయిన సూది, దుప్పటి మార్చే ఆయమ్మ చేతికి తగులుతుంది. నల్ల సంచిలో పొరపాటున చేరిన సూది, ఆ సంచిని మోసే పారిశుద్ధ్య కార్మికుని కాలికి గుచ్చుకుంటుంది. అంటే ఆసుపత్రిలో ప్రమాదం పైమెట్టు నుండి కింది మెట్టుకు జారుతుంది. జీతం తగ్గుతున్న కొద్దీ, ఉద్యోగ భద్రత తగ్గుతున్న కొద్దీ రక్షణ కూడా తగ్గుతుంది.

ఎంత ప్రమాదం?

ఈ గాయం ద్వారా సోకగల వ్యాధులు అనేకం ఉన్నా, ప్రధానంగా లెక్కించవలసినవి మూడు. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్‌ఐవి.

చాలామంది హెచ్‌ఐవికే భయపడతారు. కాని సూదిపోటు వలన అది సోకే అవకాశం హెపటైటిస్-బి కంటె చాలా తక్కువ. హెచ్‌ఐవి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, ఏ మందూ వాడకపోయినా, 1000 మందిలో సుమారు ముగ్గురికి అది సోకుతుంది. హెపటైటిస్-సి సోకే అవకాశం 100కు సుమారు 2 అని చాలాకాలం చెప్పుకున్నాము. ఇటీవలి అంచనాలు అంతకంటె తక్కువగా ఉన్నాయి. హెపటైటిస్-బి సంగతి వేరు. టీకా వేయించుకోని వ్యక్తికి ఆ వ్యాధి ఉన్న రోగి సూది గుచ్చుకుంటే, రోగి రక్తంలోని వైరసు స్థితిని బట్టి 100 మందిలో 6 నుండి 30 మంది వరకు వ్యాధి సోకగలదు. ఈ వైరసు ఎండిన రక్తపు మరకలో కూడా 7 దినాల వరకు జీవించి ఉండగలదు. సోకిన పెద్దలలో ఎక్కువమంది కోలుకుంటారు. కొందరిలో మాత్రం అది దీర్ఘకాలం నిలిచి, కాలేయం గట్టిపడే సిర్రోసిస్‌కు, కాలేయ క్యాన్సరుకు దారితీస్తుంది.

ఇది అరుదైన ప్రమాదం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నాటి తన నివేదికలో, ప్రపంచంలోని సుమారు 3 కోట్ల 50 లక్షల మంది ఆరోగ్య సిబ్బందిలో ఏటా 30 లక్షల మంది ఈ క్రిములున్న సూదిపోట్లకు గురవుతున్నారని అంచనా వేసింది. అంటే ప్రతి పన్నెండు మందిలో ఒకరు.

అన్నిటికంటె ఎక్కువగా సోకే హెపటైటిస్-బికే మన దగ్గర చక్కని టీకా ఉంది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, వరప్రసాద్ రెడ్డి గారి నేతృత్వంలో, జన్యు సాంకేతికతతో ఈ టీకాను దేశంలోనే తొలిసారిగా తయారు చేసి విడుదల చేసింది. అంతకు ముందు దిగుమతి టీకా ధర సామాన్యునికి అందేది కాదు. తెలుగు నేల మీద చవకగా తయారైన ఆ టీకా తెలుగు నేల మీది ప్రతి నర్సుకూ అంది ఉండాలి. మొదటి మోతాదు తరువాత నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది వేయించుకోవాలి. చాలామంది రెండవ మోతాదు తరువాత మరచిపోతారు. మూడూ పూర్తయిన 1-2 నెలలకు రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష చేయించుకుని, విలువ 10 యూనిట్లు లేక అంతకు మించి ఉందని నిర్ధారించుకునేవారు ఇంకా తక్కువ. టీకా తీసుకున్నా రక్షణ కలగనివారు కొందరుంటారు కనుక ఈ పరీక్ష అవసరం.

హెపటైటిస్-సికి టీకా లేదు. అయితే ఇప్పుడు సాధారణంగా 12 వారాల పాటు మాత్రలు వాడితే 100లో 95 మందికి పైగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రులలో ఈ చికిత్స ఉచితం.

గడియారం ఆగదు

హెచ్‌ఐవి సోకకుండా వాడే నివారణ మందులను సూదిపోటు జరిగిన 2 గంటలలోగా మొదలుపెట్టడం ఉత్తమం. 72 గంటలు దాటితే వాటివలన ప్రయోజనం ఉండదు. మొదలుపెట్టిన వారు 28 దినాలు పూర్తిగా వాడాలి. హెపటైటిస్-బి రక్షణ లేనివారికి ఇమ్యూనోగ్లోబులిన్‌ను వీలైతే 24 గంటలలోగా ఇచ్చి, టీకా కూడా మొదలుపెట్టాలి. అంటే ఈ గాయానికి వైద్యం ఉంది, కాని అది గడియారానికి కట్టుబడిన వైద్యం. దాచిన ప్రతి గంటా ఆ వైద్యాన్ని బలహీనపరుస్తుంది.

అలాంటప్పుడు ఎందుకు దాచుతారు? నా ఉద్యోగ కాలంలో ఈ గాయంతో నా వద్దకు వచ్చిన నర్సులలో చాలామంది పలికిన మొదటి మాట వ్యాధి గురించి కాదు. “సార్, ఈ సంగతి పెద్ద సిస్టరుకు తెలియనివ్వకండి” అనేవారు. ఒక నర్సింగు విద్యార్థిని గాయమైన నాలుగవ నాడు వచ్చింది. అప్పటికి ఆ రోగి ఇంటికి వెళ్లిపోయాడు, రక్తం పరీక్షించే వీలు లేదు. 72 గంటలూ దాటిపోయాయి. “ముందే ఎందుకు రాలేదమ్మా?” అని అడిగితే, “అజాగ్రత్త అని ప్రాక్టికల్సులో మార్కులు తగ్గిస్తారని భయపడ్డాను సార్” అన్నది. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు రక్త పరీక్షలు చేశాము. అదృష్టవశాత్తు ఏమీ సోకలేదు. కాని ఆ ఆరు నెలలు ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక, హాస్టలులో తోటివారి కంచంలో చేయి పెట్టలేక ఆ పిల్ల అనుభవించిన వేదన ఏ పరీక్షలోనూ కనబడదు.

ఒప్పంద ఉద్యోగికి వచ్చే ఏడాది ఒప్పందం పొడిగించరేమోనని భయం. వివాహితకు, హెచ్‌ఐవి పరీక్ష ఎందుకు చేయించుకున్నావని అత్తవారు అడుగుతారని భయం. పొరుగు సేవల కార్మికునికి పరీక్షల కోసం తిరిగితే దినకూలి పోతుందని భయం. ఇన్ని భయాల మధ్య వ్యాధి భయం చివరి వరుసలోకి పోతుంది.

“జాగ్రత్తగా ఉంటే గుచ్చుకోదు కదా”

ఈ మాట నేను అనేకమంది అధికారుల నోట విన్నాను. ఇందులో కొంత నిజం లేకపోలేదు. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టకూడదని నర్సింగు పాఠాలలో చెబుతారు. అయినా కొందరు పెడతారు. తొడుగులు వేసుకోమన్నా వేసుకోరు. తొడుగు సూదిని ఆపలేదు గాని, సూదికి అంటిన రక్తాన్ని కొంత తుడిచివేస్తుంది.

కాని ఆ మూత ఎందుకు పెడుతున్నారో చూడండి. సూదుల డబ్బా వార్డుకు ఆ చివర ఉంటుంది. రాత్రి డ్యూటీలో ముప్పై, నలభై మంది రోగులకు ఒక్క నర్సు. చేతిలో తెరచిన సూదితో అంత దూరం, రోగుల బంధువుల మధ్య నుండి నడవడం ప్రమాదమని ఆమెకు తెలుసు. అందుకని మూత పెడుతుంది. డబ్బా ఆమె చేతికి అందే దూరంలో ఉంటే ఆ అవసరమే రాదు.

అమెరికాలోని ఒక ఉదంతం ఈ వాదానికి సమాధానం చెబుతుంది. 1998లో కారెన్ డేలీ అనే అనుభవజ్ఞురాలైన నర్సు రోగికి రక్తం తీసి, నియమం ప్రకారం సూదిని డబ్బాలో వేయబోయారు. లోపల పొడుచుకు వచ్చి ఉన్న మరొక సూది ఆమె వేలికి గుచ్చుకుంది. ఆ గాయంతో ఆమెకు హెచ్‌ఐవి, హెపటైటిస్-సి రెండూ సోకాయి. ఆమె చేసినది సరైన పనే, లోపం డబ్బాలో ఉంది. ఆమె దాచుకోలేదు. చట్టసభ ముందు సాక్ష్యం చెప్పారు. ఆమె వంటి నర్సుల పోరాటంతో 2000 సంవత్సరం నవంబరులో అక్కడ సూదిపోట్ల నివారణ చట్టం వచ్చింది. వాడిన వెంటనే సూది లోపలికి ముడుచుకునే, లేదా దానిపై తొడుగు పడే సురక్షిత పరికరాలను ఆసుపత్రులు సమకూర్చాలని, వాటి ఎంపికలో నర్సుల అభిప్రాయం తీసుకోవాలని, ప్రతి గాయాన్నీ నమోదు చేయాలని ఆ చట్టం నిర్దేశించింది. మరుసటి ఏడాది, 2001లో, అక్కడి ఆసుపత్రులలో ఈ గాయాలు సుమారు 38 శాతం తగ్గాయి. ఒక్క ఏడాదిలో నర్సులందరూ హఠాత్తుగా జాగ్రత్తపరులైపోయారా? మారినది పరికరం, మారినది నియమం. డేలీ తరువాతి కాలంలో అమెరికా నర్సుల సంఘానికి అధ్యక్షురాలయ్యారు.

మన నియమాలు ఏమంటున్నాయి?

మనకు నియమాలు లేవని కాదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం సూదులు, బ్లేడులు గుచ్చుకుపోని, కారని తెల్లని డబ్బాలలో వేయాలి. వ్యర్థాలను ముట్టుకునే సిబ్బంది అందరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించడం యాజమాన్యం బాధ్యత. 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం, రక్తం తాకే అవకాశమున్న ప్రతి ఉద్యోగికీ రక్షణ సామగ్రి, శిక్షణ, గాయం తరువాత నివారణ మందులు యాజమాన్యమే సమకూర్చాలి. ఇవి దయతో చేసే సహాయాలు కావు, చట్టపరమైన విధులు.

అయితే అదే వ్యర్థాల నియమాలలో ఒక విచిత్రం ఉంది. వాటిలో పెద్ద ప్రమాదం అనే మాటకు నిర్వచనమిచ్చారు. వ్యర్థాలను మోసే లారీ బోల్తా పడడం అందులోకి వస్తుంది. సూదిపోట్లు దాని కిందకు రావని స్పష్టంగా మినహాయించారు. వాటి వివరాలు వార్షిక నివేదికలో చేర్చితే సరిపోతుంది. ఒకేసారి ఎక్కువమందికి హాని కలిగించే ఘటనలను దృష్టిలో పెట్టుకుని ఆ నిర్వచనం వ్రాశారని నేను అర్థం చేసుకోగలను. కాని 72 గంటలలో మందు పడవలసిన గాయానికి ఏడాదికొకసారి లెక్క చెబితే చాలదు. సూదిపోట్లకు ప్రతి ఆసుపత్రిలోనూ ప్రత్యేక నమోదు పుస్తకం ఉండాలి. నెల నెలా ఆ అంకెలు జిల్లా అధికారులకు చేరాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం.

ఆసుపత్రులు ఈ వార్షిక నివేదికలను తమ వెబ్‌సైటులో ఉంచాలని కూడా నియమం ఉంది. మీరు ఎప్పుడైనా ఒక పెద్ద ఆసుపత్రి నివేదికను చూడండి. వందల పడకలున్న చోట ఏడాదికి సూదిపోట్లు సున్నా అని వ్రాసి ఉంటే సంతోషించకండి. అక్కడ సూదులు గుచ్చుకోవడం లేదని దాని అర్థం కాదు, చెప్పేవారు లేరని అర్థం. ఎక్కువ సంఖ్య చూపిన ఆసుపత్రిని తప్పుపట్టకుండా, సున్నా చూపిన ఆసుపత్రిని ప్రశ్నించడం అధికారులు నేర్చుకోవాలి.

ఆసుపత్రులు చేయగలిగినవి

సురక్షిత సూదుల ఖరీదు ఎక్కువ అన్న వాదన ఉంది. అది నిజమే. మన దేశంలో వాడకం పెరిగిన, ఒకసారి వాడాక తిరిగి పనిచేయని సిరంజిలు రోగులను కాపాడతాయి. వాటిలో చాలావరకు నర్సు చేతిని కాపాడేవి కావు. ఆ రెండింటికీ భేదం తెలియకుండా కొనుగోలు చేస్తే డబ్బు ఖర్చయినా గాయాలు ఆగవు. అన్ని వార్డులలో ఒకేసారి కాకపోయినా, రక్తం తీసే చోట, అత్యవసర విభాగంలో, డయాలిసిస్ విభాగంలో వీటిని ముందుగా ప్రవేశపెట్టవచ్చు. లోపల బోలుగా ఉండి రక్తం నిలిచే సూదులే కుట్టుసూదుల కంటె ప్రమాదకరం కనుక అక్కడ మొదలుపెట్టడం సబబు.

పెద్దగా ఖర్చు లేని పనులు కూడా ఉన్నాయి. ప్రతి పడకల వరుసకూ చేతికందే దూరంలో సూదుల డబ్బా పెట్టాలి. మూడు వంతులు నిండగానే దానిని మార్చాలి. సూది వాడినవారే దానిని పారవేయాలి, ఈ నియమం ప్రొఫెసరుకూ వర్తించాలి. ఉద్యోగంలో చేరిన నాడే, క్లినికల్ శిక్షణకు వార్డులో అడుగుపెట్టక ముందే టీకా మొదలుపెట్టాలి. ఒప్పంద సిబ్బంది, విద్యార్థులు, పారిశుద్ధ్య కార్మికులు ఇందులో భాగం కావాలి. నివారణ మందులు అర్ధరాత్రి కూడా దొరికేటట్లు అత్యవసర విభాగంలో ఉంచాలి. గాయం సంగతి చెప్పినవారిపై ఏ చర్యా ఉండదని వ్రాతపూర్వకంగా ప్రకటించాలి.

నర్సులకు నా మనవి

సూది గుచ్చుకుంటే కంగారుపడకండి. ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో కడగండి. పిండకండి, నోటితో పీల్చకండి, స్పిరిటు, బ్లీచింగు వంటివి పూయకండి. కంటిలో రక్తం చిందితే మంచినీటితో బాగా కడగండి. వెంటనే వైద్యునికి చెప్పండి. ఆ రోగి ఎవరో, ఏ సమయంలో జరిగిందో వ్రాయించండి. మీ తొలి రక్తపరీక్ష ఆనాడే జరగాలి. రేపు వ్యాధి బయటపడితే అది విధి నిర్వహణలో సోకినదని చూపడానికి అదే ఆధారం. నివారణ మందులు మొదలుపెడితే, వికారంగా ఉందని మధ్యలో మానకండి. వైద్యునికి చెబితే ఉపశమనం కలిగిస్తారు.

మీరు చేయగలిగినవి

పాఠకులారా, ఇది ఆసుపత్రుల గొడవ, మనకెందుకని అనుకోకండి. ఇందులో మీ పాత్ర ఉంది.

మొదటిది, అనవసరమైన ఇంజక్షన్లు అడగకండి. “మాత్రలు కాదు, ఒక సూది వేయండి డాక్టరు గారూ” అన్న మాట నేను నా జీవితంలో ఎన్ని వేలసార్లు విన్నానో లెక్క లేదు. జలుబుకు, ఒళ్లు నొప్పులకు, నీరసానికి చాలావరకు సూదితో పని లేదు. వాడని సూది ఎవరికీ గుచ్చుకోదు.

రెండవది, నర్సు సూది వేసేటప్పుడు ఆమెను తొందరపెట్టకండి, పక్కనుండి పలకరించకండి. చిన్నపిల్లలైతే కదలకుండా పట్టుకొని సహాయపడండి.

మూడవది, ఇంట్లో ఇన్సులిన్ వాడేవారు సూదులను, లాన్సెట్లను చెత్తబుట్టలో పడవేయకండి. మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, ప్రమాదకర గృహ వ్యర్థంగా విడిగా ఇవ్వండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలలో వాడిన సూదులను ఆ కోవలోనే చేర్చారు. తెల్లవారుజామున మీ వీధిలో చెత్త ఎత్తే కార్మికురాలి చేతులకు తొడుగులు ఉన్నాయో లేవో ఒకసారి చూడండి.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. మీరు గాని మీవారు గాని ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మీకు వాడిన సూది ఒక నర్సుకు గుచ్చుకుంటే, వైద్యులు మీ వద్దకు వచ్చి హెచ్‌ఐవి, హెపటైటిస్ పరీక్షలకు అనుమతి అడుగుతారు. “మమ్మల్ని అనుమానిస్తున్నారా?” అని కోపగించకండి. మీ సమ్మతి లేకుండా హెచ్‌ఐవి పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని రహస్యంగా ఉంచాలి. ఈ రెండూ చట్టమే చెబుతున్నది. మీలో వ్యాధి లేదని తేలితే ఆమెకు 28 దినాల మందులు, నెలల తరబడి ఆందోళన చాలావరకు తప్పుతాయి. ఉందని తేలితే ఆమెకు సరైన మందు సకాలంలో పడుతుంది, మీకు కూడా చికిత్స మొదలవుతుంది. ఆమె మీకు సేవ చేస్తూ గాయపడింది. ఆ సమయంలో ఆమెకు మీరు చేయగలిగిన మేలు రెండు చుక్కల రక్తం ఇవ్వడమే. అడిగినప్పుడు కాదనకండి.